లివర్‌పూల్‌లో రెండు రోజులు: బీటిల్స్ ఇళ్లు చూడటానికి

మాంచెస్టర్‌లో అక్కావాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు శని, ఆదివారాలు లివర్‌పూల్‌కి అట్టిపెట్టాను. జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీలు ఉన్న పాటల బృందం బీటిల్స్ ఊరు అది. రైల్లో గంటలోపే. బావగారికి ఫుట్‌బాల్ తప్ప ఏదీ పట్టదు, అయినా తోడొచ్చారు.

బస విషయంలో తప్పు నాదే. బీటిల్స్ పాడిన కావెర్న్ క్లబ్ పక్కనే ఉండాలని మాథ్యూ స్ట్రీట్ దగ్గర హోటల్ తీసుకున్నాను. గది శుభ్రంగా ఉంది, టిఫిన్ బాగుంది. కానీ రాత్రి రెండు దాటినా కిటికీ కింద పాటలు ఆగలేదు. రిసెప్షన్‌లో చెబితే చెవుల్లో పెట్టుకునే దూది ముక్కల్లాంటివి చేతిలో పెట్టారు. మీరు ఆల్బర్ట్ డాక్ వైపు దిగండి, హాయిగా నడిచి రావచ్చు.

బీటిల్స్ 1961-63 మధ్య దాదాపు 300 సార్లు పాడింది ఆ కావెర్న్‌లోనే. అసలు క్లబ్ 1973లో మూతపడింది. ఇప్పుడున్నది పాత ఇటుకలు చాలావరకు వాడి 1984లో తిరిగి కట్టింది. ‘డూప్లికేటా?’ అని బావగారు పెదవి విరిచారు. మెట్లు దిగి ఆ ఇటుక కమానుల కింద లైవ్ గిటార్ వింటుంటే నాకు ఆ తేడా గుర్తు రాలేదు.

రంగురంగుల టూర్ బస్సు వాళ్ల పాటల్లో వినిపించే పెన్నీ లేన్, స్ట్రాబెర్రీ ఫీల్డ్ గేటు అన్నీ తిప్పుతుంది కానీ ఇళ్లను బయటి నుంచే చూపిస్తుంది. లోపలికి వెళ్లాలంటే, పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే టూర్ ముందే బుక్ చేసుకోవాలి. ఒక్కటే చూడాలంటే ఇదే చూడండి. ఫొటోలు మాత్రం తీయనివ్వరు.

ఫోర్త్‌లిన్ రోడ్డులో పాల్ మెకార్ట్‌నీ పెరిగిన ఇల్లు కౌన్సిల్ అద్దెకిచ్చిన మామూలు ఇల్లు. ముందుగదిలో పాల్, జాన్ గిటార్లు పట్టుకుని ఒకే నోటుబుక్కులోకి వంగి చూస్తున్న ఫొటో ఉంది. తీసింది పాల్ తమ్ముడు మైక్. ఫొటోలోని గదీ, మేం నిలబడ్డ గదీ ఒకటే! నలుగురం నిలబడితే ఇరుకు. బీటిల్స్ మొదటి రికార్డు 1962లో, విడిపోయింది 1970లో. ఆ ఎనిమిదేళ్ల పనికి ఇంకా టికెట్లు తెగుతున్నాయి.

‘కార్మిక వర్గ హీరో’ అని పాడుకున్న జాన్ లెనన్ పెరిగిన ఇల్లు మెండిప్స్ మాత్రం దానికంటే దర్జా. 2002లో జాన్ భార్య యోకో ఓనో కొని ట్రస్టుకి ఇచ్చేసింది. గోల భరించలేక జాన్‌ని పెంచిన మిమీ పెద్దమ్మ కుర్రాళ్లని వాకిట్లో అద్దాల వరండాలోకి తరిమేదట. అక్కడ గొంతు భలే మోగుతుంది. అందరూ లోపలికి వెళ్లాక వెనక్కి చూస్తే, బావగారు ఒక్కరే ఆ వరండాలో నిలబడి మెల్లగా ఘంటసాల పాటేదో కూనిరాగం తీస్తున్నారు.