లండన్‌లో జాన్ రాఫెల్ స్మిత్ ప్రింట్లు: ఎక్కడ చూడాలి, ఎక్కడ కొనకూడదు

జాన్ రాఫెల్ స్మిత్ 18వ శతాబ్దపు ఇంగ్లిష్ ఎన్‌గ్రేవర్, అంటే చిత్రాలను రాగి రేకు మీదికి దించి ప్రింట్లు తీసేవాడు. సెంట్రల్ లండన్‌లో ఓ పాత ప్రింట్ల షాపులో అతని మెజోటింట్ (అలా నలుపు ఛాయల్లో అచ్చేసే ఒక రకం ప్రింటు) ఒకటి ఫ్రేము కట్టి 240 పౌండ్లన్నారు. '18వ శతాబ్దపు ఒరిజినల్' అని చీటీ. ఫ్రేములోంచి తీసి వెలుతురుకు పట్టి చూపించమంటే కుదరదన్నారు. అలా అన్నాక అక్కడ ఒక్క నిమిషం కూడా ఉండనక్కర్లేదు. తోడొచ్చిన అక్కకి మాత్రం సాయంత్రం దాకా కోపం తగ్గలేదు.

అద్దంలోంచే సగం తెలిసిపోయింది. నిగనిగలాడాల్సిన నలుపు బూడిద రంగుకు తిరిగింది, చెంప పక్క నీడ మచ్చలు మచ్చలుగా ఉంది. మెజోటింట్‌కి రాగి రేకునంతా రాకర్ అనే పళ్ల పనిముట్టుతో అన్ని దిక్కులా ఊపుతూ గరుకు చేస్తారు. ఆ దశలో సిరా పూసి అచ్చేస్తే కాగితమంతా మఖమల్ లాంటి నలుపు. తర్వాత వెలుగు కావలసిన చోట గరుకును గీకి, నున్నగా రుద్దుతారు. ముఖం చీకట్లోంచి బయటికొస్తుంది. ఆ గరుకు చాలా సున్నితం. ప్రెస్సులో వందో రెండు వందలో కాపీలయ్యేసరికి అణిగిపోయి, సిరా పట్టదు. రేకును మళ్లీ గరుకు చేసి అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు, కానీ ముఖాల్లోని మెత్తదనం తిరిగి రాదు.

ప్రింటు అడుగున ఉన్న తేదీని నమ్మి డబ్బు తీయకండి. 1735 చట్టం వల్ల రేకు మీద ప్రచురణ తేదీ చెక్కడం తప్పనిసరైంది. యాభై ఏళ్ల తర్వాత అదే రేకుతో అచ్చేసినా ఆ తేదీ అలాగే ఉంటుంది. కాగితం చూడాలి. 1790ల దాకా ఎక్కువగా వాడిన కాగితాన్ని వెలుతురుకు పడితే సమాంతరంగా గీతలు కనిపిస్తాయి. ప్రింటు మీద 1778 ఉండి, వాటర్‌మార్కులో (కాగితం తయారీలోనే పడే గుర్తు) 1800ల సంవత్సరం కనిపిస్తే అది తర్వాత తీసిన కాపీయే.

అసలైనది పైసా ఖర్చు లేకుండా చూడాలంటే బ్రిటిష్ మ్యూజియం నాలుగో అంతస్తులోని ప్రింట్స్ అండ్ డ్రాయింగ్స్ స్టడీ రూమ్. అపాయింట్‌మెంట్ ముందే తీసుకోవాలి. ఆన్‌లైన్ కేటలాగ్‌లో మ్యూజియం నంబర్లు చూసి రాసుకెళ్తే బోలెడు సమయం మిగులుతుంది. పెన్ను వద్దు, పెన్సిలే. 1902లో లార్డ్ చీల్స్‌మోర్ ఇచ్చిపోయిన మెజోటింట్లు ఇక్కడున్నాయి కాబట్టి పోర్ట్రెయిట్లకు కొదవ లేదు. మొదట అడగాల్సింది 1778 నాటి 'మిసెస్ కార్నాక్'. ఆవిడ భర్త బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి. గౌను మడతల్లో ముదురు నుంచి లేతకు రంగు ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించలేం. వెనక చెట్ల చీకటి అంత ముదురుగా ఉన్నా ఆకులు విడివిడిగా తెలుస్తాయి. అరిగిన కాపీల్లో ముందు పోయేది ఈ ఆకులే. భూతద్దం పట్టుకెళ్లండి.

అక్కణ్నుంచి అరగంట నడిస్తే వాలెస్ కలెక్షన్ అనే మ్యూజియం. స్మిత్ ప్రింటుకు మూలమైన, చిత్రకారుడు రేనాల్డ్స్ వేసిన అసలు మిసెస్ కార్నాక్ చిత్రం అక్కడుంది, ప్రవేశం ఉచితం. ముందు ప్రింటు, తర్వాత పెయింటింగ్, ఈ వరసే మంచిది. రంగు లేకుండా స్మిత్ ఎంత రాబట్టాడో అప్పుడే తెలుస్తుంది. ఓపికుంటే నేషనల్ గ్యాలరీలో రేనాల్డ్స్ 'కర్నల్ టార్ల్‌టన్' కూడా చూడండి. స్మిత్ 1782లో దానికీ మెజోటింట్ చేశాడు. ఆ ఆకుపచ్చ కోటును నలుపు ఛాయల్లోకి దించిన తీరు నాకు కార్నాక్ కన్నా నచ్చింది.

బస బ్లూమ్స్‌బరీలో, రాత్రికి 112 పౌండ్లు. గది ఇరుకే, కానీ మ్యూజియం పక్కనే.

స్మిత్ 1751లో డెర్బీలో పుట్టాడు. అక్కడ బట్టల వ్యాపారి దగ్గర పనికి కుదిరినవాడు 1784కల్లా వేల్స్ యువరాజుకి మెజోటింట్ ఎన్‌గ్రేవర్ అయ్యాడు. అతని కోసమే అయితే డెర్బీ దాకా వెళ్లమని చెప్పను. డెర్బీ చిత్రకారుడు జోసెఫ్ రైట్ చిత్రాలు కూడా కావాలనుకుంటే అక్కడి మ్యూజియం బాగుంది, టికెట్ లేదు. సెయింట్ పాంక్రాస్ నుంచి రైల్లో గంటన్నర. ఆ టికెట్ మాత్రం ముందే కొనండి, అప్పటికప్పుడు కొంటే చాలా ఎక్కువ పడుతుంది.