తిరగేసి చూడనిస్తారా? – హైదరాబాదు నుంచి పెడన దాకా మూడు రోజులు

అమ్మమ్మ ట్రంకు పెట్టె అడుగున ఒక జాకెట్టు దొరికింది. ముదురాకుపచ్చ పట్టు, బుట్ట చేతులు, వెనక హుక్కులు. 1954లో తీసిన పెళ్ళి ఫోటోలో ఉన్నది ఇదేనని అమ్మ అంటుంది. తెనాలిలో ముప్ఫై ఏళ్ళుగా ఇంట్లోనే మిషన్ కుట్టే మా పిన్ని మాత్రం ఫోటో వంక చూడనే లేదు. జాకెట్టు అందుకుని గభాల్న తిరగేసింది.

"ఇటు చూడవే, ఎన్నిసార్లు విప్పి కుట్టారో!"

పక్క కుట్టు వెంట సన్నటి సూది బెజ్జాలు, మూడు వరసలు. విప్పినప్పుడల్లా కుట్టు పావంగుళం బయటికి జరిగింది. "మీ అమ్మ పుట్టినప్పుడొకటి, నేను పుట్టినప్పుడొకటి, మావయ్యప్పుడొకటి" అని వేలు పెట్టి లెక్క చెప్పింది. ఫోటోలో లేని పదేళ్ళ సంసారం ఆ అంగుళం గుడ్డలో ఉంది.

అలాంటి జాకెట్టే ఒకటి కుట్టుకోవాలని నాకు, దానికి ముందు పాత బట్టలు నాలుగు చూసి రావాలని పిన్నికి బుద్ధి పుట్టింది. శుక్రవారం రాత్రి హైదరాబాదు రైలెక్కాం. నిజాంల చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీ, సాలార్‌జంగ్ మ్యూజియం మూడింటికీ శుక్రవారమే సెలవు కాబట్టి శని, ఆదివారాలు పెట్టుకోవడం మేలు.

బస గురించి ముందే చెప్పేస్తాను. నాంపల్లిలో 1,900 రూపాయలకు దొరికిన గదికి కిటికీ లేదు. ఉందని ఫోటోలో చూపించారు, తెర తీస్తే వెనక గోడ. అయినా మెట్రో స్టేషన్ నాలుగడుగుల దూరం, తిరగడానికి ఏ లోటూ లేదు. రాత్రిళ్ళు దారం గుచ్చాలనుకునేవాళ్ళు మాత్రం వెలుతురున్న గది చూసుకోండి.

మొదట చౌమహల్లా. దర్బారు హాలు షాండ్లియర్ల దగ్గర జనం ఫోటోల్లో మునిగి ఉంటే మేం షేర్వానీల దగ్గర నిలబడిపోయాం. మెడదాకా గుండీలు, నిలబడే కాలరు, నడుం దగ్గర ఒంటికి పట్టినట్టుండే కోత. "ఇంత నున్నగా పడిందంటే లోపల బిగువు కోసం వేసే కాన్వాసు గుడ్డ చేత్తో కుట్టుంటారు" అంది పిన్ని. గాజు వెనక ఉన్నదాన్ని తిరగేయలేం కదా, మెడ చుట్టూ వంగి వంగి చూసింది. వెలుతురు తక్కువని సణిగింది కూడా. పాత బట్టను ఎక్కువ వెలుతురు తినేస్తుంది. అందుకే మ్యూజియాల్లో బట్టల మీద పడే కాంతి 50 లక్స్ (వెలుతురుకి కొలత) దాటకుండా చూస్తారు. పట్టుచీరను ఎండలో ఆరెయ్యొద్దని అమ్మమ్మ అరిచేదే, అదే సూత్రం.

అక్కణ్ణుంచి మాటలు ఖడా దుపట్టా మీదికి మళ్ళాయి. హైదరాబాదీ ముస్లిం పెళ్ళికూతుళ్ళు ఇప్పటికీ వేసుకుంటారు. కుర్తా, చోళీ, చుడీదారు, పైన ఆరు గజాల దుపట్టా. "ఆరు గజాలంటే చీరేగా, పేరు మార్చి చుట్టారంతే" అని పిన్ని తేల్చేసింది. అంత తేలిక కాదనుకోండి, అయినా గజాల లెక్కలో ఆమెతో వాదించలేను. ఏడో నిజాం కోడలు, ఆటోమన్ (టర్కీ) రాకుమారి నీలోఫర్ సంగతి మరీ చిత్రం. ఆమె చీరలకు ఫెర్నాండ్ సెసిర్ అనే ఫ్రెంచి డిజైనర్ నమూనాలు గీస్తే బొంబాయిలో ఎంబ్రాయిడరీ చేసేవారు. వాటిలో కొన్ని న్యూయార్క్‌లోని ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చేరాయి. హైదరాబాదు కోడలి చీర చూడాలంటే వీసా తీసుకోవాలన్నమాట.

మధ్యాహ్నం పురానీ హవేలీలో నిజాం మ్యూజియం. 2018లో ఇక్కణ్ణుంచి బంగారు టిఫిన్ బాక్సు దొంగతనమై మళ్ళీ దొరికింది కదా, వచ్చినవాళ్ళంతా దాన్నే వెతుక్కుంటున్నారు. మేం వచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా కోసం. బీరువా అనడం తప్పు, అదొక వీధి. నడిచే దారికి రెండు పక్కలా బర్మా టేకు తలుపులు, రెండు అంతస్తులు, పైకి వెళ్ళడానికి చేత్తో తిప్పే లిఫ్టు. ఒకసారి వేసిన బట్ట ఆయన మళ్ళీ వేసేవాడు కాదని చెప్పుకుంటారు. పిన్ని ఆ కథ విని "అయితే పక్క కుట్లలో గుడ్డ వదిలుండరు" అంది. ఎంతసేపు నవ్వానో! కానీ నిజమే. విప్పి కుట్టే అవసరం లేని మనిషి బట్టలో చరిత్ర ఎక్కడ దాక్కుంటుంది?

ఆదివారం పొద్దున ఎర్రగడ్డ సంత. నాంపల్లిలో ఎక్కితే మెట్రో నేరుగా అక్కడే దింపుతుంది. పాత ఫ్యాన్లు, కుర్చీలు, చార్జర్ల మధ్య బట్టల కుప్పలు. విదేశాల్లో వింటేజ్ షాపులున్నట్టు మనకెందుకు లేవని చాలా రోజులు అనుకున్నాను. ఎలా ఉంటాయి? పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకున్నాం. జరీ చీరలు వెండి కోసం కరిగించేవాళ్ళకు అమ్మేశాం. మిగిలిన నూలు చీరలు బొంతల్లోకి పోయాయి. మన ఫ్యాషన్ చరిత్ర మీద సగం ఊరు పడుకుని నిద్రపోతోంది.

కుప్పలో పిన్ని చెయ్యి ఒక నల్ల షేర్వానీ మీద ఆగింది. పదేళ్ళ పిల్లాడిదై ఉంటుంది. గుండీలు ఎవరో కోసుకుపోయారు.

"గిది అసలు పాత మాల్ అమ్మా, ఐదొందలియ్యి" అన్నాడు కుప్ప పక్కన కూచున్న పెద్దాయన.

"లోపల చూస్తే కొనకపోయినా ఏమనుకోవుగా?"

"సూడు సూడు. తుర్పాయి సూడు, చేత్తోటి ఏసింది!"

పిన్ని హెమ్మింగ్ అంటుంది, ఆయన తుర్పాయి అన్నాడు, ఇద్దరి వేళ్ళూ ఒకే చోట ఆగాయి. లైనింగంతా చేతికుట్టే. పొడుగు కుట్లు మిషన్‌వి. కాలరు విప్పిన చోట కాన్వాసు మీద అడ్డదిడ్డంగా పోయే టాకాలు కనిపించాయి. నిన్న గాజు బయట నుంచి పిన్ని ఊహించినవే ఇవి. చేతుల అంచు లోపల రెండంగుళాల గుడ్డ మడిచి ఉంది. పిల్లాడు ఎదుగుతాడని ఏ తల్లో చెప్పి పెట్టించిందన్నమాట. ఆ మడత ఎవరూ విప్పలేదు, ఎందుకో. 350కి బేరం కుదిరింది. మొత్తం యాత్రలో నాకు అన్నిటికన్నా గిట్టుబాటైన చోటు ఇదే.

అదే రోజు మధ్యాహ్నం సాలార్‌జంగ్. మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి ఆటో మాట్లాడుకోవాలి. పిన్ని సంచిలో చిన్న కత్తెర ఉంటే గేటు దగ్గర తీసి పక్కన పెట్టించారు, వెళ్ళేటప్పుడు ఇచ్చేశారు. మీ దగ్గరుంటే గదిలోనే వదిలి వెళ్ళండి. అక్కడి వస్త్రాలు చూడదగ్గవే. పిన్నికి మాత్రం ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన ముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర కాళ్ళు కదల్లేదు. పాలరాతిలో ముసుగు, ముసుగులోంచి ముఖం. "మల్లు గుడ్డ తడిస్తే అచ్చం ఇలాగే పడుతుంది" అని, దాని వెనక వైపు కూడా చూసి వచ్చింది.

రాత్రి సికింద్రాబాద్‌లో ఎక్కితే పొద్దునకి బందరు. ఇక్కడి లాడ్జి 1,100 రూపాయలు. కిటికీ ఉంది, అడక్కుండానే బకెట్‌తో వేణ్ణీళ్ళు వచ్చాయి. టిఫిను తర్వాత తొక్కుడు లడ్డు తింటూ "తొక్కుడు మిషన్ తర్వాత నాకిష్టమైంది ఇదే" అంది పిన్ని.

పెడన పక్కనే. ఒక కలంకారీ షెడ్డుకి వెళ్ళి చూస్తామంటే కాదనలేదు. కరక్కాయ, గేదె పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ పసుపుపచ్చగా, కాస్త జిడ్డు వాసనతో ఉంది. రంగు పాకకుండా పాలే ఆపుతాయి. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళు అచ్చు ముంచితే నీరుకావి రంగులో ఉన్నాయి. కరక్కాయ గుడ్డ మీద పడగానే నల్లబడ్డాయి. ఎరుపు కావలసిన చోట పటిక అచ్చు వేస్తారు, అప్పుడు అసలు ఏమీ కనిపించదు. రంగు నీళ్ళలో ఉడికించాకే బయటపడుతుంది.

ఈ కోరమాండల్ తీరం గుడ్డ కోసమే డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో దిగారు. ఐరోపాలో మగవాళ్ళు ఇంట్లో వేసుకునే వదులు గౌన్లు కోరమాండల్ అద్దకం గుడ్డతో కుట్టించుకున్నారు. మోజు ఎంత ముదిరిందంటే తమ నేతగాళ్ళను కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డల్ని నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండులో 1721లో వచ్చిన ఇలాంటి నిషేధ చట్టం 1774 వరకు నడిచింది.

కొనేటప్పుడు పిన్ని మళ్ళీ తన పనే చేసింది. వెనక్కి తిప్పింది. ఉడికించిన అద్దకమైతే రంగు వెనక్కీ దిగుతుంది, పై పూత స్క్రీన్ ప్రింటయితే వెనక తెల్లబోయి ఉంటుంది. షెడ్డులో అసలుదే ఇచ్చారు. దారిలో ఇంకో షాపులో "అసలు కలంకారీ" అని చూపించినదాన్ని తిప్పాక మేం మంచినీళ్ళు తాగి లేచి వచ్చేశాం.

ఇల్లు చేరి అమ్మమ్మ జాకెట్టు విప్పకుండానే పాత పేపరు మీద పరిచి, కుట్టు వెంట గుండుసూదులు గుచ్చి, చుక్కలు కలిపి నమూనా తీశాం. బుట్ట చేతికి మామూలు కోతకన్నా 4 అంగుళాలు ఎక్కువ పట్టింది. మొదటిది మల్లు గుడ్డతో కుడితే చంక దగ్గర పట్టేసింది. అమ్మమ్మ నాకన్నా చాలా సన్నం, ఆ సంగతి ఫోటోలో తెలియలేదు. రెండోది పెడన గుడ్డతో కుట్టాను. పక్క కుట్లలో అంగుళంన్నర వదిలాను. పిన్ని రెండు వదలమంది.