రెమిడియల్ ముందా, పక్కనా? కమ్యూనిటీ కాలేజీ లెక్కల్లో ఏది మేలు?

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ, అంటే రెండేళ్ళ డిగ్రీ ఇచ్చే స్థానిక కాలేజీ, సీటు దొరకడం కష్టం కాదు. వడపోత చేరాకే మొదలవుతుంది, అదీ ఎక్కువగా లెక్కల దగ్గర. వెనకబడ్డవాళ్ళకి ముందు రెమిడియల్ క్లాసులు చెప్పి తర్వాత కాలేజీ కోర్సులోకి పంపాలా, లేక నేరుగా కాలేజీ కోర్సులోనే కూర్చోబెట్టి అదే సెమిస్టర్లో పక్కన అదనపు గంటలు చెప్పాలా అన్నది అక్కడ చాలా ఏళ్ళుగా నలుగుతున్న ప్రశ్న. రెండోదాన్ని కోరిక్విజిట్ అంటున్నారు. పేరు కొత్తదేగానీ ఆ పద్ధతి మనకి తెలియనిది కాదు. బైపీసీ చదివి బీఫార్మసీలో చేరినవాళ్ళకి మొదటి సెమిస్టర్లో రెమిడియల్ మ్యాథమెటిక్స్ ఉంటుంది. అది అయ్యేదాకా ఫార్మసీ పాఠాలు ఆపరు.

వినగానే ఎవరికైనా మొదటి పద్ధతే సబబనిపిస్తుంది. భిన్నాలే రానివాడికి స్టాటిస్టిక్స్ ఏం వస్తుంది, పునాది లేకుండా మేడ కడతామా అంటారు. దీనికి జవాబు చిన్న గుణకారంలో ఉంది. బాగా వెనకబడ్డ విద్యార్థి మూడు రెమిడియల్ క్లాసులు దాటి నాలుగోదిగా అసలు కోర్సుకి రావాలనుకుందాం. ప్రతి క్లాసులో 70 శాతం పాసవుతారనీ, పాసైనవాళ్ళలో 80 శాతం తర్వాతి క్లాసులో చేరతారనీ లెక్కేద్దాం. రెండూ మంచి అంకెలే. వందమందిలో 70 మంది పాసై 56 మంది రెండో క్లాసుకొస్తారు. వాళ్ళలో 39 మంది పాసై 31 మంది మూడో క్లాసుకి. అక్కడ 22 మంది పాసైతే అసలు కోర్సు గుమ్మం తొక్కేది 18 మంది, గట్టెక్కేది 12 మంది. ఏ లెక్చరర్ని అడిగినా నా క్లాసులో 70 శాతం పాస్ అంటారు. అబద్ధం కూడా కాదు. మిగతా 88 మంది ఎటుపోయారో మాత్రం ఏ ఒక్కరి రిజిస్టరు చూసినా తెలియదు.

ఇది ఊహాలెక్క. అసలు రికార్డులు తీసి చూసినవాళ్ళలో కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలోని కమ్యూనిటీ కాలేజ్ రీసెర్చ్ సెంటర్ ముఖ్యమైనది. థామస్ బెయిలీ, సహ పరిశోధకులు 2010లో 57 కాలేజీల రికార్డులు పరిశీలించారు. లెక్కల రెమిడియల్‌కి పంపినవాళ్ళలో ఆ వరసంతా పూర్తిచేసింది మూడోవంతే. మొత్తంమీద చూస్తే సుమారు 30 శాతం ఒక్క రెమిడియల్ క్లాసులోనూ చేరనే లేదు. ఫెయిలై మానేసినవాళ్ళకంటే మొదటిదో తర్వాతిదో చేరకుండా జారిపోయినవాళ్ళే ఎక్కువ. జారిపోరా మరి? ఫీజు కట్టాలి, సెమిస్టర్ గడవాలి, డిగ్రీకి పనికొచ్చే క్రెడిట్ ఒక్కటీ రాదు.

పోనీ, వెనకబడ్డవాడెవడో తేల్చే పరీక్షయినా సరైనదా? చాలా కాలేజీల్లో కాంపస్ అనే కంప్యూటర్ పరీక్ష పెట్టేవారు. చేరిన రోజుల్లో, ప్రిపరేషన్ లేకుండా, ఫలితం ఎంత దూరం పోతుందో తెలియకుండా రాసినవాళ్ళే ఎక్కువ. జుడిత్ స్కాట్‌క్లేటన్ బృందం పరిశీలిస్తే లెక్కల్లో సుమారు నలుగురిలో ఒకరిని పూర్తిగా తప్పు మెట్టుమీద పెట్టినట్టు తేలింది. హైస్కూల్ మార్కులు చూసినా ఇంతకంటే నయమేనన్నారు. కాంపస్‌ని 2016లో ఆపేశారు. ఆపేసేలోపు ఎందరి చదువులు ఆ కంప్యూటర్ ముందు మలుపు తిరిగాయో!

ఇక రెండో పద్ధతి. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీకి చెందిన మూడు కమ్యూనిటీ కాలేజీల్లో 2013లో అలెగ్జాండ్రా లోగ్ బృందం లాటరీ పద్ధతిలో విద్యార్థుల్ని మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకి మామూలు ఎలిమెంటరీ ఆల్జీబ్రా, రెండో గుంపుకి అదే ఆల్జీబ్రాతోపాటు వారంవారం వర్క్‌షాపు, మూడో గుంపుకి నేరుగా కాలేజీ స్టాటిస్టిక్స్, దాంతో వర్క్‌షాపు. పాసైనవాళ్ళు వరసగా 39, 45, 56 శాతం. పై స్థాయి కోర్సులోనే ఎక్కువమంది పాసయ్యారు! మూడేళ్ళ తర్వాత డిగ్రీ పూర్తిచేసినవాళ్ళూ ఆ గుంపులోనే ఎక్కువ.

ఎలా అంటే, వర్క్‌షాపులో భిన్నాలు మొదట్నుంచి చెప్పరు. ఆ వారం పాఠానికి ఏది అడ్డొస్తే అది చెబుతారు. క్లాసు సగటు 68, ప్రామాణిక విచలనం (మార్కులు సగటునుంచి మామూలుగా ఎంత చెదిరాయో చెప్పే అంకె) 8, నీకొచ్చింది 52 అనుకోండి. సగటుకి ఎంత దూరంలో ఉన్నావో చెప్పాలంటే 52లోంచి 68 తీసేసి 8తో భాగించాలి. కుర్రాడు 16 దగ్గర మైనస్ మర్చిపోయి జవాబు 2 అంటాడు. అంటే సగటుకి పైన ఉన్నట్టు! రుణసంఖ్యలు అప్పుడు చెబితే చెవికెక్కుతాయి. అవే రుణసంఖ్యలు ఉత్త వర్క్‌షీటుమీద నలభై ఇస్తే ఏడో తరగతిలో ఎక్కనివి ఇప్పుడూ ఎక్కవు.

అయితే ఈ గెలుపులో సిలబస్ వాటా ఎంత, పద్ధతి వాటా ఎంత? ఆల్జీబ్రా తీసి స్టాటిస్టిక్స్ పెట్టారు కదా. టెనెసీ 2015 నుంచి రాష్ట్రమంతటా కోరిక్విజిట్‌కి మారింది. అక్కడి రికార్డులు చూసిన ఫ్లోరెన్స్ రాన్, యుషిన్ లిన్ ఏడాదిలోపు కాలేజీ లెక్కలు పాసయ్యే అవకాశం 15 శాతం పాయింట్లు పెరిగిందన్నారు. ఆ పెరుగుదల ఎక్కువగా చదువుకి తగ్గ లెక్కలు పెట్టడంవల్ల వచ్చిందేననీ, డిగ్రీ చేతికందడంలో చెప్పుకోదగ్గ తేడా లేదనీ కూడా అన్నారు. ఈ రెండోమాటని కోరిక్విజిట్ అభిమానులు కాస్త గొంతు తగ్గించి చెబుతారు. నర్సింగుకో సోషల్ వర్కుకో వెళ్ళే అమ్మాయికి ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా ఎందుకని అడగడమే అసలు సంస్కరణేమోనని నాకనిపిస్తుంది.

ఆ ప్రశ్న అడగాల్సింది కాలేజీ ప్రెసిడెంట్లూ డీన్లూ. చాలాచోట్ల వాళ్ళు అడగలేదు. గణిత విభాగంతో తగవెందుకని ఊరుకున్నారు. చివరికి కాలిఫోర్నియాలో చట్టసభే కల్పించుకుంది. 2017లో వచ్చిన ఏబీ 705 చట్టం ప్రకారం, ఏడాదిలోపు ట్రాన్స్‌ఫర్ స్థాయి (యూనివర్సిటీకి మారినా చెల్లే) లెక్కలూ ఇంగ్లీషూ పూర్తిచేసే అవకాశం ఎక్కడ ఎక్కువో అక్కడే విద్యార్థిని పెట్టాలి, హైస్కూల్ మార్కులు చూడాలి. చట్టంతో పాఠ్యప్రణాళిక మార్చడం నాకు నచ్చదు. కానీ తమంతట తాము మారడానికి కాలేజీలకి ఏళ్ళకి ఏళ్ళు టైమిచ్చారు.

మూడో దారి ఒకటుంది, ఖరీదైనది. న్యూయార్క్‌లోనే 2007లో మొదలైన ఏశాప్ పథకంలో ఫుల్‌టైమ్ చదవాలి. బదులుగా తరచూ కలిసే అడ్వైజర్, ఫీజులో తక్కువపడ్డ సొమ్ము, పుస్తకాలు, సిటీ బస్సు, రైలు ప్రయాణాలకి కార్డు ఇస్తారు. లాటరీ పద్ధతిలో జరిగిన పరీక్షలో మూడేళ్ళలో డిగ్రీ అందుకున్నవాళ్ళు 22 శాతం నుంచి 40కి పెరిగారు. మనిషికి అదనంగా సుమారు 16,300 డాలర్లు ఖర్చయింది. డబ్బున్న రాష్ట్రమైతే నా ఓటు దీనికే.

డబ్బులేనిచోట, స్టాటిస్టిక్స్ సరిపోయే కోర్సులకి కోరిక్విజిట్ అని సందేహం లేకుండా చెబుతాను. కంప్యూటర్ సైన్సో ఇంజనీరింగో చదివి యూనివర్సిటీకి మారాలనుకునే పిల్లల సంగతి వేరు, అమెరికాలో మనవాళ్ళ పిల్లలు ఎక్కువగా వెళ్ళేది అటే. వాళ్ళకి కాల్క్యులస్ తప్పదు. కాలిఫోర్నియాలోనే 2022లో వచ్చిన ఏబీ 1705 చట్టం, నేరుగా అసలు కోర్సులోనే కూర్చోబెట్టాలన్న వాదాన్ని కాల్క్యులస్ దాకా తెచ్చాక గణితం చెప్పేవాళ్ళలో చాలామంది గట్టిగా ఎదురుతిరిగారు. ఆల్జీబ్రా, ట్రిగొనామెట్రీ గట్టిగా రానివాళ్ళని నేరుగా కాల్క్యులస్‌లో కూర్చోబెట్టడం మీద న్యూయార్క్ ప్రయోగం ఏమీ చెప్పదు, అది స్టాటిస్టిక్స్ మీద జరిగింది. అలాంటి పిల్లలు ముందు ప్రీకాల్క్యులస్ తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. మిగతావాళ్ళు కోరిక్విజిట్ సెక్షన్‌లో పేరు రాయించుకునేముందు అదనపు గంటలు వారానికెన్ని, అదే లెక్చరరు చెబుతారా, పని షిఫ్టుకి అడ్డొస్తాయా అని కౌన్సెలర్ని అడగాలి. పేరుకి కోరిక్విజిట్ అని రాసి ఆన్‌లైన్ వీడియోలు చేతిలోపెట్టే సెక్షన్ అయితే ఇంకోటి వెతుక్కోవచ్చు.