గీత కొట్టిన ఆప్షనా, తోడేలా: ఏది ముందు ఆడాలి?

"డిప్రెషన్ మీదో, యాంగ్జైటీ మీదో చిన్న విజువల్ నావెల్ ఏదైనా చెప్పండి, ఒక్క సాయంత్రంలో అయిపోవాలి." నెలకి రెండు మూడుసార్లయినా ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు. (విజువల్ నావెల్ అంటే బొమ్మలూ మాటలతో నడుస్తూ, మధ్యమధ్య మనం ఆప్షన్లు నొక్కే కథ-గేమ్.) నేను నాలుగు పేర్లు చెప్తాను. "నాలుగెందుకు, ఒకటి చెప్పండి" అంటారు. సరే, ఈసారి ఒకటే చెప్తా, కాకపోతే కారణంతో సహా వినాలి.

బొమ్మలు, సంగీతం నాకు తర్వాతి సంగతి. ఇలాంటి గేముల్లో నేను ముందు చూసేది మనల్ని ఎక్కడ కూర్చోబెట్టారన్నదే. బాధపడే మనిషి లోపలా? పక్కన స్నేహితుడిగానా? లేక ఆ బాధే మనమా? దాన్నిబట్టి ఆప్షన్లు నొక్కడం అనే పనికి అర్థమే మారిపోతుంది.

నా ఓటు డిప్రెషన్ క్వెస్ట్‌కి. జోయీ క్విన్ 2013లో, రాతతో కథ-గేములు అల్లే సాధనం ట్వైన్‌తో చేసిన గేమ్, ఉచితం. దాదాపు అంతా రాతే కాబట్టి ఇది విజువల్ నావెల్ కాదనేవాళ్ళున్నారు. వాళ్ళతో నాకు గొడవ లేదు. ఇందులో చెప్పుకోవాల్సింది ఒక్క కిటుకు. ప్రతి పేజీ కింద ఆప్షన్లుంటాయి. వాటిలో అందరూ సలహా ఇచ్చేది, నిజంగా చెయ్యాల్సింది పైనే కనిపిస్తుంది, కానీ దాని మీద అడ్డంగా గీత ఉంటుంది. చదవగలం, నొక్కలేం. జబ్బు ముదిరేకొద్దీ గీతలు పెరుగుతాయి. థెరపీకి వెళ్తే, మందులు వాడితే కొన్ని మళ్ళీ తెరుచుకుంటాయి.

మా పిన్ని కొడుకు ఉద్యోగం మానేసి గదిలోంచి బయటికి రానప్పుడు, మా అమ్మ రోజూ ఒకటే మాట: "పొద్దున్నే లేచి, తలస్నానం చేసి, నాలుగడుగులు వేస్తే అదే పోతుంది." ఒక ఆదివారం ఆవిణ్ణి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, పేజీ పేజీ తెలుగులో చెబుతూ ఈ గేమ్ ఆడించాను. పార్టీకి వెళ్ళే ఘట్టం వచ్చింది. దిగులు దులిపేసుకుని హాయిగా గడుపు అన్న దాని మీద గీత.

"అదేంటే, మంచిదానికే కొట్టేశారు?"

"అది నొక్కలేమమ్మా."

"కనిపిస్తోందిగా, నొక్కు."

నొక్కాను. ఏమీ అవలేదు. మౌస్ తను తీసుకుని మూడుసార్లు నొక్కింది. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే, తర్వాతి పేజీ" అంది. 'నాలుగడుగులు' మాట ఆ వారం వినపడలేదు.

లోపాలు లేకపోలేదు. ఇంగ్లిష్ చాలా చదవాలి. అలెక్స్ అనే గర్ల్‌ఫ్రెండ్, ఫ్రెండ్స్ పార్టీలు, అదంతా అమెరికా కుర్రకారు జీవితం. ఇది సరదాకి ఆడే గేమ్ కాదని మొదటి పేజీలోనే చెప్పేస్తారు, నిజమే. మీరే ప్రస్తుతం బాగోలేకపోతే రాత్రిపూట ఒంటరిగా మొదలుపెట్టకండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

మిస్డ్ మెసేజెస్ (ఏంజెలా హీ, 2019) మనల్ని పక్కగదిలో కూర్చోబెడుతుంది. కాలేజీ అమ్మాయి, ముందర అసైన్‌మెంట్, ఫోన్‌కి మీమ్స్ పంపుతున్న కొత్త పరిచయం, అవతల రూమ్మేట్. అరగంట కూడా పట్టదు, బొమ్మలు నీటిరంగుల్లా ముద్దుగా ఉంటాయి. స్వీయహాని, ఆత్మహత్య ప్రస్తావన ఉంది, తెలిసే ఆడండి. నాకు ఇబ్బంది ఒక్కచోట. సరైన ఆప్షన్ నొక్కితే ఆ రూమ్మేట్ ప్రాణాలతో దక్కుతుంది. స్నేహితురాలి గురించి పట్టించుకోమని చెప్పడానికి అది బాగానే పనికొస్తుంది. కానీ నిజంగా ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళకి "ఆ రోజు తలుపు తట్టి ఉంటే" అన్న ముల్లు మళ్ళీ గుచ్చుకుంటుంది. వాళ్ళకి మాత్రం నేను దీన్ని చెప్పను.

నికితా క్రూకోవ్ 2020లో చేసిన మిల్క్ ఇన్‌సైడ్ ఎ బ్యాగ్ ఆఫ్ మిల్క్ ఇన్‌సైడ్ ఎ బ్యాగ్ ఆఫ్ మిల్క్ (పేరు చదివేలోపు గేమ్ సగం అయిపోతుంది) కథ ఇంతే: ఒకమ్మాయి కొట్టుకెళ్ళి పాల ప్యాకెట్ తేవాలి. మనం ఆమె తలలో గొంతు. ఎరుపూ నలుపూ కలిసిన తెర, తెగిపోయే ఆలోచనలు. పాల ప్యాకెట్ తేవడం ఎంత పెద్ద పనో దీన్ని చూస్తే ఒంటికి తెలుస్తుంది, బుర్రకి మాత్రం పూర్తిగా అందదు. మొదటి గేమ్‌గా వద్దు.

డోకి డోకి లిటరేచర్ క్లబ్ (2017) అందరూ అడుగుతారు. గంటలు పడుతుంది, పైగా అది హారర్. మనల్ని భయపెట్టడానికి డిప్రెషన్‌ని వాడుకుంది. ఈ పనికి పక్కన పెట్టండి.

ఇక తోడేలు. నిక్కీ కేస్ 2019లో బ్రౌజర్‌కి చేసిన అడ్వెంచర్స్ విత్ యాంగ్జైటీలో మనమే యాంగ్జైటీ, తోడేలు రూపంలో. మన మనిషి ఒంటరిగా అన్నం తింటుంటే ఏ భయంతో కొట్టాలో మనమే ఎంచుకోవాలి: హాని జరుగుతుందనా, ఎవరూ ప్రేమించరనా, చెడ్డదానివనా. మొదట్లో నవ్వుతూ కొడతాం. కాసేపటికి ఆ తోడేలు దుర్మార్గురాలు కాదు, కాపలా కుక్కలా అతిగా మొరుగుతోందని అర్థమవుతుంది. అరగంట, ఉచితం. చదవడం తక్కువ. డిప్రెషన్ క్వెస్ట్ బరువనిపించేవాళ్ళు, ఇంటర్ పిల్లలు దీంతోనే మొదలుపెట్టండి.

పైగా హక్కులేవీ ఉంచుకోకుండా వదిలేశారు, ఎవరైనా అనువదించుకోవచ్చు. నేను తెలుగులో మొదలుపెట్టి మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. యాంగ్జైటీని 'ఆందోళన' అంటే కలెక్టరేట్ ముందు టెంట్ వేసుకున్న తోడేలు గుర్తొస్తోంది. అమ్మనడిగితే ఆలోచించకుండా చెప్పింది: "గుబులు అను." ప్రస్తుతానికి తోడేలు పేరు గుబులు.