స్టాప్‌లీక్ సీసానా, ప్రెషర్ టెస్టరా? పాత కారుకి ఏది కొనాలి

రేడియేటర్ కారుతోందంటే పాత లారీ డ్రైవర్లు గుప్పెడు పసుపు వేసేవాళ్లు. ఆ పసుపు నీళ్లతో పాటు తిరిగి తిరిగి చిల్లు దగ్గర ముద్దకట్టి అడ్డం పడేది. స్పేర్ పార్ట్స్ షాపు కౌంటర్ మీద కనిపించే స్టాప్‌లీక్ సీసా చేసేదీ అదే పని, కాస్త చదువుకున్న పసుపు అనుకోండి. ధర వందల్లో ఉంటుంది. అదే షాపులో పెద్దగా ఎవరూ అడగని ఇంకో పెట్టె ఉంటుంది. అందులో చేత్తో కొట్టే పంపు, గేజు, రకరకాల సైజుల అడాప్టర్లు వస్తాయి. అది కూలింగ్ సిస్టమ్ ప్రెషర్ టెస్టర్, ధర వేలల్లోకి పోతుంది. మారుతి 800, జెన్, శాంట్రో లాంటి పాత కార్లు ఇంకా నడుపుతున్నవాళ్లు ఈ రెండిట్లో ఏది కొనాలో చూద్దాం. మార్కులు ముందే చెప్పేస్తున్నాం: సీసాకి ఐదుకి ఒకటిన్నర, టెస్టర్‌కి నాలుగు.

సీసాకి అన్ని మార్కులు తగ్గడానికి కారణం రేడియేటర్ కాదు, హీటర్.

సీసాల్లో ముఖ్యంగా మూడు రకాలు దొరుకుతాయి. మొదటిది పీచు, గింజల పొట్టు లాంటి నలుసులు కలిపినది. రెండోది అల్యూమినియం పొడి. మూడోది సోడియం సిలికేట్ ద్రావణం, దీన్ని ఎక్కువగా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ దాని పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు) మందుగా అమ్ముతారు. మొదటి రెండూ ప్రెషర్‌తో చిల్లులోకి తోసుకెళ్లి అక్కడ ఇరుక్కుంటాయి. మూడోది వేడి తగిలిన చోట గాజులా గట్టిపడుతుంది. చిల్లు ఎక్కడుందో వీటిలో దేనికీ తెలియదు. దారి సన్నగా, ప్రవాహం నెమ్మదిగా ఉన్న ప్రతిచోటా కూర్చుంటాయి. కారులో అలాంటి చోటు డాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ కోర్. అది అరచేతి వెడల్పున్న బుల్లి రేడియేటర్, ట్యూబులు చాలా సన్నం. పైగా మన ఊళ్లలో హీటర్ నాబ్‌ని ఏడాదిలో పది నెలలు ఎవరూ ముట్టుకోరు. వాల్వ్ మూసి ఉన్న కోర్‌లో నీళ్లు కదలవు, చేరిన నలుసంతా అడుక్కి దిగిపోతుంది. ఇలాంటి మందు తాగిన బండి రేడియేటర్ మూత తీసి, మూతి లోపలి అంచు వేలితో తుడిచి చూడండి. చింతపండు గుజ్జులాంటి గోధుమరంగు జిడ్డు వేలికి అంటుతుంది. హీటర్ కోర్‌లోనూ ఉండేది అదే.

ఈ మందు పూర్తిగా మోసం అనలేం. జనరల్ మోటార్స్ తన క్యాడిలాక్ నార్త్‌స్టార్ అల్యూమినియం ఇంజిన్లకి సీలెంట్ గోళీలు వాడమని తనే చెప్పేది. పోత పోసిన అల్యూమినియంలో కంటికి కనపడని రంధ్రాల చెమ్మని అవి ఆపుతాయి. తేడా అంతా మోతాదులోనే ఉంది. సీసా మీద ఎన్ని లీటర్ల సిస్టమ్‌కో రాసి ఉంటుంది, మన చిన్న కార్లలో పట్టే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే ద్రవం) దానికంటే బాగా తక్కువ ఉండొచ్చు. డబ్బులు పెట్టాం కదా అని సీసా మొత్తం వంపేస్తే మోతాదు రెట్టింపు అవుతుంది. సిలికేట్ రకమైతే ఇంకో చిక్కు. కూలెంట్ పూర్తిగా తీసేసి, మామూలు నీళ్లు పోసి వాడమని చాలా సీసాల మీద రాసి ఉంటుంది. చదవకుండా గ్లైకాల్ కూలెంట్‌లోనే పోస్తే లోపల జెల్లీ తయారవుతుంది.

టెస్టర్ దేన్నీ బాగు చెయ్యదు, చిల్లు ఎక్కడుందో చూపిస్తుంది. అంతకే నాలుగు మార్కులా అంటే, అవును. పాత కారులో సగం డబ్బు అవసరం లేని పార్టులు మార్చడానికే పోతుంది.

వాడే పద్ధతి ఇది. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, రాత్రి ఆపి పొద్దున చూడటం మేలు. వేడి మీద మూత తిప్పితే మరుగుతున్న కూలెంట్ మొహానికి కొడుతుంది. చల్లారాక మూత తీసి, రేడియేటర్‌ని మూతి దాకా నింపండి. మూతికి సరిపోయే అడాప్టర్ బిగించండి. మూత మీద ఉన్న అంకె చూడండి. 0.9 అని ఉంటే 88 కిలోపాస్కల్, అంటే గేజు మీద 13 పీఎస్ఐ. 1.1 అని ఉంటే సుమారు 15.5. సరిగ్గా అక్కడిదాకా పంపు కొట్టి ఆపండి. ఇంకాస్త చూద్దామని 20కి ఎక్కిస్తే, ఇరవై ఏళ్లు ఎండిన రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అక్కడే చిట్లుతుంది. పదిహేను నిమిషాలు వదిలేయండి. ముల్లు కదలకపోతే సిస్టమ్ బాగున్నట్టు. దిగుతుంటే టార్చిలైటు పట్టుకుని వెతకండి.

ముందు చూడాల్సింది రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం కోర్ కలిసే మడత అంచు. తర్వాత హోస్ క్లిప్పులు. స్క్రూ క్లిప్పు అతిగా బిగిస్తే హోస్‌లోకి కోసుకుపోయి అక్కడి నుంచే కారుతుంది. ఆ తర్వాత థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) హౌసింగ్ గ్యాస్కెట్, ఆపైన వాటర్ పంపు. పంపు షాఫ్ట్ కింద ఒక చిన్న రంధ్రం కావాలనే పెడతారు. లోపలి సీలు పోయిందని చెప్పడానికే అది ఉన్నది. దాని కింద ఆకుపచ్చగానో తెల్లగానో ఉప్పు పేరుకున్న గీత కనిపిస్తే పంపు పని అయిపోయినట్టు. ఆ రంధ్రానికి ఎం-సీల్ పెట్టిన బండ్లు కూడా ఉన్నాయి! అప్పుడు కూలెంట్ బయటికి పోయే దారి లేక బేరింగ్‌లోకి పోతుంది.

చాలా కిట్లలో మూతని విడిగా పరీక్షించే అడాప్టర్ కూడా వస్తుంది. దాన్ని వాడటం మర్చిపోవద్దు, అన్నిటికంటే చవకైన పార్టు మూతే. 0.9 మూత ఆ ప్రెషర్ పట్టుకుంటే నీళ్లు 100 దగ్గర కాకుండా దాదాపు 118 డిగ్రీల దగ్గర మరుగుతాయి. స్ప్రింగు అలిసిపోయిన మూత ప్రెషర్ పట్టదు. లీకు ఎక్కడా లేకపోయినా ఎండలో, ట్రాఫిక్‌లో కూలెంట్ రిజర్వ్ డబ్బాలోకి పొంగి రోడ్డు మీద పడుతుంది. మూతలో రెండో వాల్వ్ కూడా ఉంటుంది, బండి చల్లారేటప్పుడు డబ్బాలోంచి కూలెంట్‌ని వెనక్కి లాక్కునేది. అది ఇరుక్కుంటే పొద్దున్నే పై హోస్ పీల్చేసిన జ్యూస్ ప్యాకెట్‌లా చప్పబడి ఉంటుంది. అలా కనిపిస్తే టెస్టర్ కూడా అక్కర్లేదు, మూత మార్చండి, అంకె మాత్రం పాతదే ఉండాలి.

టెస్టర్‌కి ఒక మార్కు ఎందుకు కోశామంటే, చవక కిట్లలో పంపు హోస్ జాయింటే గాలి వదిలేస్తుంది. మంచి సిస్టమ్‌కి కూడా లీకు ఉందని చూపిస్తుంది. కొనగానే పంపుని అడాప్టర్‌తో కొత్త మూతకి బిగించి కొట్టి, ముల్లు నిలుస్తుందో లేదో చూసుకోండి. అడాప్టర్లలో జపాన్ తరహా చిన్న మూతిది ఉందో లేదో పెట్టె తెరిపించి చూడండి. ఆ ఒక్కటి లేకపోతే మారుతి వాళ్లకి మిగతావన్నీ ఉన్నా దండగే.

ముల్లు దిగుతోంది, ఇంజిన్ చుట్టూ ఎక్కడా తడి లేదు. అప్పుడు కారు లోపల, డాష్‌బోర్డు కింద కార్పెట్ ఎత్తి చూడండి. అక్కడ తడి ఉంటే ఏసీ నీళ్లా కూలెంటా అన్నది వేళ్లతో తేల్చుకోవచ్చు. ఏసీ నీళ్లకి రంగూ వాసనా ఉండవు. కూలెంట్ వేళ్ల మధ్య జారుతుంది, తియ్యటి వాసన వేస్తుంది. హీటర్ వేసినప్పుడు అద్దం లోపల జిడ్డు పొగలా పడుతుంటే అది హీటర్ కోర్ లీకే. ఆ తీపి వల్ల కుక్కలు, పిల్లులు నాకుతాయి. ఇథిలీన్ గ్లైకాల్ వాటికీ పిల్లలకీ విషం, కాబట్టి నేల మీద పడినది కడిగేయండి.

లీకు లేదు కానీ హీటర్ చల్లగాలి కొడుతుంటే, కోర్ పోయిందని ఎవరైనా అనేలోపు ఒక పరీక్ష చేయండి. ఇంజిన్ బాగా వేడెక్కాక నాబ్ పూర్తి వేడి వైపు పెట్టి, బోనెట్ కింద డాష్‌బోర్డు గోడలోకి వెళ్లే రెండు సన్నపాటి హోస్‌లని ముట్టుకోండి, ఫ్యాను దానంతటదే తిరగొచ్చు, చెయ్యి జాగ్రత్త. రెండూ వేడిగా ఉంటే నీళ్ల తప్పు లేదు, లోపల గాలి మళ్లించే రేకో దాని కేబులో ఇరుక్కుంది. ఒకటి కాలుతూ రెండోది గోరువెచ్చగా ఉంటే కోర్ పూడుకుంది, లేదా హీటర్ వాల్వ్ తెరుచుకోవడం లేదు. రెండూ గోరువెచ్చగా ఉండి టెంపరేచర్ ముల్లు కూడా కిందే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది. ఇంజిన్ వేడిగా ఉన్నా రెండూ చల్లగా ఉంటే కూలెంట్ తగ్గి గాలి చేరింది. హీటర్ కోర్ ఎత్తు మీద ఉంటుంది కాబట్టి, మట్టం తగ్గగానే ముందు ఖాళీ అయ్యేది అదే. అందుకే హఠాత్తుగా చల్లబడ్డ హీటర్ చాలాసార్లు లీకుకి మొదటి కబురు.

పూడుకున్న కోర్‌ని మార్చే ముందు కడిగి చూడండి, మార్చాలంటే చాలా కార్లలో డాష్‌బోర్డు విప్పాలి, పార్టు కంటే కూలి ఎక్కువవుతుంది. రెండు హోస్‌లు తియ్యండి. ఊడకపోతే మెలిపెట్టి లాగొద్దు, పాత పైపు మూతి విరుగుతుంది. హోస్‌ని బ్లేడుతో పొడుగ్గా చీల్చి తీసేసి కొత్తది వేసుకోండి, పాత ముక్క తీసుకెళ్తే ఆటోనగర్‌లోనో రాణిగంజ్‌లోనో అదే సైజు ఇస్తారు. గార్డెన్ పైపుతో, సన్నటి ధారతో, ముందు నీళ్లు బయటికొచ్చే వైపు నుంచి వెనక్కి తోయండి, తర్వాత అటునుంచి ఇటు. సర్వీస్ సెంటర్ ప్రెషర్ గన్ పెట్టొద్దు. ఇంకా దారి సన్నగానే ఉంటే లీటరు గోరువెచ్చటి నీళ్లలో 60 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి కోర్‌లో నింపి, అరగంట ఉంచి, తేటగా వచ్చేదాకా కడగండి. బోరు నీళ్ల సున్నం దీనికి బాగా కరుగుతుంది. స్టాప్‌లీక్ గుజ్జు అంత తేలిగ్గా కరగదు, సీసాకి మేం మార్కులు కోసింది ఇందుకే. ఒక హెచ్చరిక: కోర్ ఇప్పటికే చెమ్మగిల్లుతుంటే నిమ్మ ఉప్పు జోలికి పోవద్దు. ఆ సున్నమే దాన్ని ఇన్నాళ్లూ పట్టుకుని ఉండొచ్చు.

మన మెకానిక్కులకి ఇంకో రెండు అలవాట్లున్నాయి. ఒకటి, హీటర్ కోర్‌ని బైపాస్ చెయ్యడం. రెండు హోస్‌లనీ ఒకే ముక్కతో కలిపేస్తారు. హైదరాబాద్, విజయవాడల్లో తిరిగే బండికి ఇది తప్పేమీ కాదు, వానాకాలం అద్దం మంచు ఏసీతో పోతుంది. కాకపోతే చివర్లకి బిరడాలు కొట్టకుండా, నీళ్లు తిరిగేలా కలపాలి. డిసెంబర్లో లంబసింగి తెల్లవారుజాము ప్రయాణాలు చేసేవాళ్లకి ఇది పనికిరాదు. చికాగోలోనో న్యూజెర్సీలోనో పాత కరోలా నడిపే మనవాళ్లైతే ఆ ఆలోచనే పెట్టుకోవద్దు, అక్కడ అద్దం మీద మంచు కరగాల్సింది దీంతోనే. రెండో అలవాటు, హీటెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయడం. దీన్ని మాత్రం ఒప్పుకోలేం. ఇంజిన్ వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, హీటర్ గోరువెచ్చగానే ఉంటుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది. కొత్తది కొన్నప్పుడు మీద చెక్కిన డిగ్రీల అంకె పాతదానితో సరిచూసి, వేణ్ణీళ్ల గిన్నెలో వేసి తెరుచుకుంటోందో లేదో చూశాక బిగించండి.

మళ్లీ నింపేటప్పుడు డిస్టిల్డ్ వాటరే వాడండి, బ్యాటరీ షాపులో దొరుకుతుంది. మన ఎండలకి కూలెంట్ మూడో వంతు చాలు. గడ్డకట్టే చలి ఉన్న దేశాల్లో సగం సగం కలపాలి, అది సున్నాకి దిగువన 37 డిగ్రీల దాకా ఆగుతుంది. రెడీమిక్స్ డబ్బా అయితే నీళ్లు కలపొద్దు. రంగు చూసి కలపడం కూడా వద్దు, ఆకుపచ్చ అన్నంత మాత్రాన రెండు డబ్బాలూ ఒకే రకం కావు. హీటర్ నాబ్ పూర్తి వేడి మీద, మూత తీసి, బండి మూతిని ఏటవాలు మీద పైకి పెట్టి నెమ్మదిగా నింపండి. స్టార్ట్ చేసి, పై హోస్‌ని అప్పుడప్పుడు నొక్కుతూ బుడగలు ఆగి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచండి. మర్నాడు చల్లటి మీద మట్టం మళ్లీ చూడాలి, చాలాసార్లు గ్లాసెడు తగ్గుతుంది.

ఎంత నింపినా బుడగలు ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించాలి. దానికి ప్రెషర్ టెస్టర్ చాలదు. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని నీలిరంగు ద్రవంలోంచి పీల్చే బ్లాక్ టెస్టర్ కావాలి. పెట్రోలు బండిలో సైలెన్సర్ గ్యాసు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. మారితే సీసా పోసి లాభం లేదు, హెడ్ దించాల్సిందే.

సీసాకి ఆ ఒకటిన్నర మార్కులు దారి మధ్యలో బండి ఆగినప్పటి కోసం. అరకు ఘాట్‌లో రేడియేటర్ సన్నగా చెమరుస్తోంది, కింది ఊరు ఇంకా నలభై కిలోమీటర్లు. అప్పుడు ఇంజిన్ చల్లారనిచ్చి, హీటర్ వాల్వ్ ఉన్న బండి అయితే నాబ్‌ని చలి వైపు తిప్పి కోర్‌కి దారి మూసేసి, నలుసుల రకం సీసా బాగా కుదిపి, లేబుల్ మోతాదు లెక్కన పోసి, టెంపరేచర్ ముల్లు చూసుకుంటూ నెమ్మదిగా దిగండి. ఇల్లు చేరాక రేడియేటర్ బాగుచేయించి, ఆ నీళ్లన్నీ దించి, ఇంజిన్ కడిగించి కొత్త కూలెంట్ పోసే దాకా హీటర్ నాబ్ ముట్టుకోవద్దు.