పేపర్ రోల్ అయిపోతే ప్రోగ్రామ్‌నే చంపేసే లైబ్రరీ: డబ్బు కట్టేముందు ఇది చదవండి

కోపం ఇంకా దిగలేదు, దిగకముందే రాసేస్తున్నా. బిల్లు ప్రింటర్లకు సీ లైబ్రరీ (సీ భాష ప్రోగ్రామ్‌లో కలుపుకునే రెడీమేడ్ కోడ్) అమ్మే ఆయన ఉన్నాడుగా, "ఒక్క లైను కోడ్, బిల్లు రెడీ, యూపీఐ క్యూఆర్‌తో సహా" అంటూ. ఆయనే. పేరు రాయను, ఈ పని చేసేవాళ్లకి తెలుసు. 18,500 రూపాయలు పోసి కొన్నాను. లోపలి కోడ్ (సోర్స్) ఇవ్వరు. ఒక ఎస్‌వో ఫైలు (కంపైల్ చేసి ఇచ్చిన లైబ్రరీ), ఒక పీడీఎఫ్, అంతే. డెమో బ్రహ్మాండంగా నడిచింది. డెమోలో పేపర్ అయిపోదు కదా మరి.

తెనాలిలో ఒక కిరాణా హోల్‌సేల్ షాపుకి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. నిన్న శనివారం సాయంత్రం, కౌంటర్ ముందు జనం. రోల్ అయిపోయింది. కుర్రాడు ప్రింటర్ మూత తీసి కొత్త రోల్ పెడుతుండగానే గుమాస్తా ఇంకో బిల్లు కొట్టాడు. అంతే, బిల్లింగ్ విండో మాయం. ఓనర్ ఫోన్: "బాబూ, నీ ప్రోగ్రామ్ ఏదీ? ఇందాకటిదాకా ఉందిగా!"

బండి వేసుకుని పరిగెత్తాను. టెర్మినల్‌లో నడిపి, కావాలనే మూత తీసి బిల్లు కొట్టి చూశా. ఒకే మాట: అబార్టెడ్. ప్రోగ్రామ్ ఎలా ముగిసిందో చెప్పే ఎగ్జిట్ కోడ్ 134. సిగ్నల్ దెబ్బకి చస్తే 128కి ఆ సిగ్నల్ నంబరు కలిపి చూపిస్తుంది. 128కి 6 కలిపితే 134, ఆరో నంబరు సిగ్నల్ సిగ్‌అబార్ట్, అంటే అబార్ట్ ఫంక్షన్ పిలిచి ప్రోగ్రామ్ తనని తానే చంపుకోవడం. జీడీబీ అనే డీబగ్గర్‌లో బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందో చూపే జాబితా) తీస్తే పైన అబార్ట్, దాని కింద వాళ్ల ఫంక్షన్, ఆ కింద పాపం నా ప్రింట్ కాల్. మూత తీసి ఉంటే ఎర్రర్ కోడ్ ఇవ్వాల్సింది పోయి, లైబ్రరీ నేరుగా అబార్ట్ పిలిచేస్తోంది. ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. అదీ వాళ్ల ఇల్లు కాదు, నా ఇల్లు.

అక్కడే నిలబడి ఆయనకి ఫోన్ చేశా. అసలు కడుపు మండింది ఇక్కడే. "అది బగ్ కాదు సార్, సేఫ్టీ. ఫేటల్ ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్ ఆగిపోవాలి కదా. పీడీఎఫ్‌లో రాశాం, చూసుకోలేదా?" అన్నాడు. పేపర్ రోల్ అయిపోవడం ఫేటల్ ఎలా అవుతుందండీ అంటే, ఒక్క క్షణం ఆగి, నవ్వి, "మీరు సీకి కొత్తా సార్?" అన్నాడు. పన్నెండేళ్లుగా సీ రాస్తున్నాను. పక్కన ఓనర్ నిలబడి వింటున్నాడు, ఫోన్ స్పీకర్‌లో ఉంది. డబ్బు వెనక్కి అడిగితే లైసెన్స్ యాక్టివేట్ అయింది కాబట్టి కుదరదట. పీడీఎఫ్ తెరిచి చూశా. నిజంగానే ఉంది, 41వ పేజీలో, చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యం.

పైసా తీసుకోని లైబ్రరీలు ఇంతకన్నా మర్యాదగా ఉంటాయి. జేపెగ్ బొమ్మలు చదివే లిబ్‌జేపెగ్ కూడా మనం ఏమీ చెప్పకపోతే పెద్ద ఎర్రర్‌కి ఎగ్జిట్ పిలిచేస్తుంది, కాదనను. కానీ ఆ చోట మన ఫంక్షన్ పెట్టుకోనిస్తుంది. పీఎన్‌జీ బొమ్మల లిబ్‌పీఎన్‌జీ కూడా పెట్టుకోనిస్తుంది. ఇక్కడ 18,500 కట్టినా ఆ దారి లేదు.

నా తెలివి సంగతి కూడా చెప్పాలి. బిల్లుల లెక్క ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో ఫైల్లోకి రాస్తూ పోయాను. అది ముందు మెమరీలోని బఫర్‌లో పోగవుతుంది, వెంటనే ఫైల్లోకి తోయాలంటే ఎఫ్‌ఫ్లష్ పిలవాలి. బిల్లుబిల్లుకీ ఆ ఎఫ్‌ఫ్లష్ పెట్టలేదు. ఎందుకంటే ప్రోగ్రామ్ మామూలుగా మూసేటప్పుడు రాసుకునేలా ఎట్‌ఎగ్జిట్ పెట్టానుగా, మహానుభావుణ్ణి! అబార్ట్ అయితే ఎట్‌ఎగ్జిట్ నడవదు. బఫర్‌లో ఉన్నది కూడా ఫైల్లోకి పోదు. పాత జీలిబ్సీ (లినక్స్‌లో సీ ప్రోగ్రామ్‌ల మూల లైబ్రరీ) అయితే అబార్ట్‌లో కూడా బఫర్ ఖాళీ చేసేది, 2018లో వచ్చిన 2.27 నుంచి అదీ మానేశారు. బఫర్ 4096 బైట్లు, ఒక్కో బిల్లు లైను దాదాపు నూరు బైట్లు. చివరి 36 బిల్లులు గాల్లో కలిశాయి.

రాత్రి కూర్చుని సిగ్‌అబార్ట్‌కి హ్యాండ్లర్ (ఆ సిగ్నల్ వస్తే నడిచే నా సొంత ఫంక్షన్) పెట్టి చూశాను. హ్యాండ్లర్ నడుస్తుంది, అది ముగిసి వెనక్కి రాగానే అబార్ట్ ప్రోగ్రామ్‌ని చంపే తీరుతుంది. హ్యాండ్లర్ నుంచి వెనక్కి రాకుండా, లాంగ్‌జంప్‌తో నా కోడ్‌లో ముందే గుర్తుపెట్టిన చోటికి దూకితే బతికింది, కానీ రెండో బిల్లు దగ్గర బిగుసుకుపోయింది. లోపల ఏదో లాక్ పట్టుకుని వదలనట్టుంది.

చివరికి ప్రింటింగ్‌ని వేరే ప్రాసెస్‌లో పెట్టాను. ఫోర్క్‌తో ప్రోగ్రామ్‌కి కాపీ తీసి, ఆ కాపీలో (చైల్డ్) ఆ లైబ్రరీ, అసలు దాంట్లో (పేరెంట్) చైల్డ్ చచ్చిందేమో చూసే వెయిట్‌పిడ్. చస్తే అదొక్కటే చస్తుంది, నేను మళ్లీ లేపుతాను. మీరు కొనేముందు డెమో ఫైలు మీద ఎన్‌ఎమ్ మైనస్ డి (పెద్ద డి, ఫైలు వాడే ఫంక్షన్ల పేర్లు చూపే కమాండ్) కొట్టి అబార్ట్, ఎగ్జిట్ పేర్లు కనిపిస్తున్నాయేమో చూడండి. కనిపిస్తే ఎందుకని అడగండి. ప్రింటర్ మూత తీసి కూడా ఒకసారి నడిపించండి. డబ్బు లెక్క రాసే చోట ఎఫ్‌ఫ్లష్ మర్చిపోకండి, అది నాకు నేను చెప్పుకుంటున్నది.

36 బిల్లుల్లో యూపీఐవి 21, ఓనర్ ఫోన్‌లో మెసేజ్‌లు చూసి ఎక్కించాం. మిగతా 15 క్యాష్. రేపు మళ్లీ తెనాలి వెళ్లి గోడౌన్ సరుకుతో సరిచూడాలి. బస్తాలు లెక్కపెట్టడానికి సీ రాదు కదా.