పెరటికి ఏ గడ్డి మేలు: రెల్లా, వట్టివేరా, గరికా?

హైదరాబాదులో ఇంటి ముందు పాతిక గజాల నేల మిగిలితే చాలామంది నర్సరీ నుంచి మెక్సికన్ గడ్డి తెప్పించి పరుస్తారు. వేసవిలో నీళ్లు ఆగితే ఆ పచ్చదనం నిలవదు. మన నేలకు, మన వానకు అలవాటుపడ్డ రెల్లు, వట్టివేరు, గరికలను మా పెరటి మొరం నేలలో పెంచి, రుతువు రుతువుకూ ఫోటోలు తీసిన అనుభవంతో ఈ మూడింటినీ పోల్చి చూస్తున్నాను.

అందంలో రెల్లుకు సాటి లేదు. వానలు వెనకబట్టి ఆకాశం తేటపడిన శరత్కాలంలో దాని కంకులు పట్టుకుచ్చుల్లా విచ్చుకుంటాయి. ఫోటో తీసేటప్పుడు ఉదయపు సూర్యుడు కంకికి వెనక, దూరంగా చెట్ల నీడ ఉండేలా చూసుకుంటే ప్రతి నూగు వెండి పోగులా వెలుగుతుంది. గాలికి అది క్షణం కుదురుగా ఉండదు కనుక షట్టర్ వేగం సెకనులో 500వ వంతుకు తగ్గకూడదు. తెలుపు వెలిసిపోకుండా ఎక్స్‌పోజర్‌ను కాస్త తగ్గించాలి.

అయితే పెరట్లో రెల్లును నాటవద్దనే చెబుతాను. నేను ఒక్క దుబ్బు నాటితే, నేల లోపలి దుంపవేళ్లతో పాకి, రెండో వానాకాలానికి కరివేపాకు పాదులో మొలిచింది. విత్తనాలేమో గాలికి ఎగిరి పక్కవారి కుండీల్లో పడ్డాయి. ఈ మొండితనానికీ విలువ ఉంది: 1912లో కోయంబత్తూరులో నెలకొల్పిన చెరకు ప్రజనన కేంద్రం చెరకును రెల్లుతో సంకరపరిచి కో 205 అనే చెరకు రకాన్ని తెచ్చింది. కానీ చిన్న పెరటికి ఆ బలం భారమే. దాన్ని శివారు చెరువుల ఒడ్డున చూసి, ఫోటో తీసుకొని రావడమే మంచిది.

వట్టివేరు స్వభావం ఇందుకు పూర్తిగా భిన్నం. తొలకరి తర్వాత పిలకలను జానెడు దూరాన వరుసగా నాటితే, వేళ్లు పక్కలకు పాకకుండా నిట్టనిలువుగా దిగి, అనువైన నేలలో రెండు మూడు మీటర్ల లోతుకు పోతాయి. అందుకే వాలు నేలలో వాన నీటికి మట్టి కొట్టుకుపోకుండా ఆపడంలో దీనికి మంచి పేరుంది. దక్షిణాదిలో సాగయ్యే రకాలు విత్తనంతో వ్యాపించవు కనుక నాటిన చోటే ఉంటాయి. ఎండాకాలం చివర ఆకు కొసలు ఎండిపోయినప్పుడు దుబ్బును మోకాలి ఎత్తుకు కోస్తే, మొదటి వానకే లేత ఆకు వస్తుంది. పూల కంకి ఊదాఛాయలో సన్నగా ఉండి కెమెరాకు అంతగా ఆనదు గానీ, ఏడాదిన్నర దాటిన దుబ్బును తవ్వి, కడిగి, వేళ్లను నల్లని గుడ్డమీద పరిచి, పక్క కిటికీ వెలుతురులో తీసిన చిత్రం నాకు రెల్లు చిత్రాలకన్నా ఇష్టం. ఆ వేళ్లమీద నీళ్లు చిలకరించినప్పుడు వచ్చే వాసనను, కిటికీలకు తడిపిన వట్టివేరు చాపలు కట్టుకున్న ఇళ్లలో పెరిగినవారు వెంటనే గుర్తుపడతారు.

గరిక విషయంలో చెప్పవలసింది తక్కువ. నీడ పడని చోట తనంతట తానే అల్లుకుంటుంది, మేలో ఎండినట్టు కనిపించినా జూన్‌లో లేచి వస్తుంది, వినాయక చవితికి పూజకు సరిపడా దొరుకుతుంది. పూలమడుల్లోకి మాత్రం రానివ్వకూడదు. చలికాలపు పొద్దున నేలమీద బోర్లా పడుకొని చూస్తే, చేతి వేళ్లలా విచ్చుకున్న దాని కంకిమీద మంచు బిందువులు కనబడతాయి.

కాబట్టి నా ఎంపిక అంచున వట్టివేరు, నడుమ గరిక. వీటికి తోడు, గడ్డి కాకపోయినా, వట్టివేరు వరుస ముందు గుప్పెడు గునుగు విత్తనాలు చల్లండి. సరిగ్గా బతుకమ్మ నాటికి ఆ నిలువు ఆకుల పచ్చదనం ముందు గులాబీ కొసల తెల్లని పూలు నిలబడతాయి. కోసుకోగా మిగిలిన పూల నుంచి రాలిన గింజలే మరుసటి ఏడాది మళ్లీ మొలుస్తాయి.